వాగబాండ్ 37 దగ్గర ఆగింది, మిగిలిన కథ ముసాషి నవలల దొరికింది

ముందుగాల చెప్తున్న, ఇది ఒక్క పుస్తకం రివ్యూ కాదు. పన్నెండు లావు బొమ్మల పుస్తకాలు, ఒక సన్నటి బొమ్మల పుస్తకం, ఇంకోటి ఇటుక. ఇటుక అంటే ఎయిజీ యోషికావా రాసిన ముసాషి నవల, ఇంగ్లీష్‌ల 970 పేజీలు, పడుకోని చదువుదామని పైకి పట్టుకుంటే చెయ్యి జారి మొఖం మీద పడ్తది, నాకు పడ్డది కాబట్టే చెప్తున్న. బొమ్మలయి ఏమో తకెహికో ఇనోవే గీసిన వాగబాండ్ మాంగా, మాంగా అంటే జపాన్ బొమ్మల కథ. రెండిట్ల ఉన్న మనిషి ఒక్కడే, మియామోటో ముసాషి, జపాన్‌ల నిజంగ బతికిన కత్తివీరుడు. నవల ముందు వచ్చింది, మాంగా దాని మీద ఆధారపడి గీసిందే, కానీ నేను చదివింది ఉల్టా, మాంగా ముందు, నవల తర్వాత. ఇప్పుడు ఎవలన్న అడిగితే గట్లనే చదువమంటా.

ఇది నాకు ఎట్ల తగిలిందంటే, గ్రూప్స్ ప్రిపరేషన్ల ఉన్నప్పటి ముచ్చట. హన్మకొండల రూమ్, పొద్దున లైబ్రరీ (ఏడింటికే పోయి బ్యాగు పెట్టకపోతే కుర్చీ దొరకది), సాయంత్రం నయీంనగర్‌ల టెన్త్ పిల్లలకు మ్యాథ్స్ ట్యూషన్, రాత్రి కరెంట్ అఫైర్స్, ఇగ ఇదే బతుకు. మా రూమ్‌మేట్ ఒక ఆదివారం హైదరాబాద్ పోయి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తెచ్చిండు, తెచ్చినయన్నీ పాలిటీ, ఎకానమీ, వాటి నడుమ ఇదొకటి, అట్ట మీద చాయ్ మరక. "బొమ్మలు మస్తున్నయ్‌రా, నాలుగు వందలకిచ్చిండు" అన్నడు. సికింద్రాబాద్‌ల ఎక్కి కాజీపేటల దిగేదాంక ట్రైన్‌ల అదే చూస్కుంట వచ్చిండట, కానీ ఎడమ దిక్కు నుంచి మొదలువెట్టిండు. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు పోతది, ఉర్దూ లెక్క. వీడు ముందు ముగింపు చూసి తర్వాత మొదలు చూసి, "ఏం సమజ్ గాలేరా, చచ్చినోడు మళ్ళ లేచి కత్తి పడ్తున్నడు" అన్నడు.

కథ 1600ల మొదలైతది, అంటే మన దగ్గర చార్మినార్ కట్టి తొమ్మిదేండ్లు. సెకిగహారా అనే చోట పెద్ద యుద్ధం అయిపోయింది, శవాల నడుమ ఇద్దరు పోరగాండ్లు పడి ఉన్నరు, తకేజో, మతహాచి. పేరు సంపాయించుకుందామని ఊరిడిసి పోయి ఓడిపోయిన దిక్కు నిలబడ్డరు. ఈ తకేజోనే తర్వాత ముసాషి అయితడు. ఊరికి తిరిగొచ్చిన తకేజో అడవి జంతువు లెక్క అందరి మీద పడ్తుంటే తకువాన్ అనే సన్యాసి వాన్ని పట్టుకోని పెద్ద దేవదారు చెట్టుకు తాళ్ళతోని ఏలాడగడ్తడు, ఆ సీన్ రెండిట్ల ఉంటది. కానీ నవలల ఆ తర్వాత ఇంకోటి ఉన్నది, హిమేజి కోటల ఒక గదిల వాన్ని మూడేండ్లు పుస్తకాల నడుమ మూసిపెడ్తడు తకువాన్, మూడేండ్లు చదివి మనిషై బయటికొస్తడు. మాంగాల ఈ ముక్క లేదు, తీసేసిండ్రు. నవలల అది చదివిన రోజు నేను మా రూమ్ గోడలు ఒకసారి చూసిన. మూడేండ్ల చదువుతోని వాడు ముసాషి అయిండు, మా సీనియర్లు అశోక్‌నగర్‌ల ఆరేండ్ల సంది చదువుతనే ఉన్నరు.

స్పాయిలర్లు వద్దనుకునేటోళ్ళు ఇక్కడ్నే ఆగుండ్రి. 1645ల చచ్చిపోయిన మనిషి కథకు స్పాయిలర్ ఏందని నేనైతే అనుకుంటా.

ఇనోవే గురించి రెండు ముక్కలు. ఈయన 1990 నుంచి 96 దాంక స్లామ్ డంక్ అని బాస్కెట్‌బాల్ మాంగా గీసి జపాన్ మొత్తం పోరగాండ్లను బంతి పట్టించిండు, తర్వాత 1998ల కొదాన్షా వాళ్ళ మార్నింగ్ అనే వీక్లీల వాగబాండ్ మొదలువెట్టిండు. 2000ల కొదాన్షా అవార్డు, 2002ల తెజుకా ఒసాము పేరు మీద ఇచ్చే పెద్ద బహుమతి వచ్చినయ్. మొదట్ల పెన్నుతోని సన్న సన్న గీతలు, ప్రతి వెంట్రుకా కనవడ్తది, కొన్ని పుస్తకాలు పోయినంక కుంచె పడ్తడు, ఇగ అక్కడి నుంచి బొమ్మ మారిపోతది. వాన పడ్తున్న పేజీ ఉంటే ఒక్క మాట ఉండది, ఒట్టిగ వాన, నేను ఆ పేజీ మీద ఎంతసేపు కూసున్ననో తెల్వది, రూమ్‌మేట్ వచ్చి "ఏందిరా నిద్రపోయినవా" అన్నడు. గోడకు వేలాడదీసే బొమ్మలు ఇవి, పుస్తకంల కుట్టిండ్రు గంతే.

ఇక కొనుడు సంగతి. ఇంగ్లీష్‌ల విజ్ వాళ్ళు తెస్తున్నరు. విడిపుస్తకాలు కాకుండా మూడు పుస్తకాలు కలిపి ఒక లావు పుస్తకం చేసిన సెట్ ఉన్నది, దాన్ని విజ్‌బిగ్ అంటరు, సైజు పెద్దగుంటది, కొన్ని రంగుల పేజీలు కూడా ఉంటయ్. అట్లాంటివి పన్నెండు, అంటే 36 పుస్తకాల దాంక వచ్చినట్టు. 37వది ఒక్కటే విడిగ సన్నగ కొనుక్కోవాలె, అల్మారిల పెడితే లావు అన్నల పక్కన బక్క తమ్ముడు నిలవడ్డట్టు ఉంటది. ఈ మధ్య గట్టి అట్టతోని డెఫినిటివ్ ఎడిషన్ అని కొత్తది కూడా మొదలువెట్టిండ్రు, అది నేను పట్టుకోలే, పైసలు లెవ్వు.

నేను కొన్నప్పుడు ఒక్కోటి పదమూడు నుంచి పదహారు వందల మధ్యల పడ్డది. ట్యూషన్ పైసలల్లకెళ్ళి నెలకు ఒకటి. ఆన్‌లైన్‌ల ఒకతాన ఆరో నంబర్ ఆర్డర్ పెడితే తొమ్మిదో నంబర్ పంపిండ్రు, డబ్బా మూల నలిగిపోయి, పుస్తకం మూల కుక్క కొరికినట్టు. వాపస్ పంపి మళ్ళ తెప్పించుకునేసరికి ఇరవై రోజులు, ఆ ఇరవై రోజులు తొమ్మిదో నంబర్ విప్పి చూడకుండ ఉండుడు నా జీవితంల చేసిన పెద్ద తపస్సు. (ఒక్క పేజీ చూసిన. రెండు.) మీరు ఆర్డర్ పెట్టేటప్పుడు నంబర్ రెండుసార్లు చూసుకోండి, డబ్బా విప్పుతుంటే వీడియో తీసుకోండి, ఇగ నేను చెప్పేది గంతే. కాయితం మంచిగనే ఉంటది కానీ లావు పుస్తకం కాబట్టి రెండు పేజీల మీద పరిచిన బొమ్మ నడుమ కుట్టులకు పోతది, గట్టిగ విప్పి చూద్దామంటే వెన్ను పగుల్తదని భయం. నా నాలుగో నంబర్ వెన్ను పగిలింది, అది నేను పగలగొట్టలే, ఎవరు పగలగొట్టిండ్రో వాడికి తెలుసు, అప్పటి సంది ఎవరికీ ఇస్తలేను.

కథలకొస్తే, క్యోటోల యోషియోకా అని పెద్ద కత్తి బడి. ముసాషి ఆ బడి అన్నదమ్ములను ఒకరి తర్వాత ఒకరిని ఓడగొడ్తడు, పరువు పోయిన శిష్యులంతా కలిసి ఇచిజోజి అనే చోట ఒక్కని మీదికి వస్తరు. మాంగాల 70 మంది. ఈ ఒక్క కొట్లాట పుస్తకాలకు పుస్తకాలు నడుస్తది, మన సిన్మాలల్ల హీరో పదిమందిని కొట్టి చొక్కా దులుపుకున్నట్టు ఉండది, చెయ్యి బరువెక్కుడు, కత్తి పిడి జారుడు, ఊపిరి అందకపోవుడు, కాలు తెగుడు, చూసే మనకే భుజం నొస్తది. గెలిచినంక కాలు పనిచెయ్యదు, నడవలేడు, ఇంతమందిని చంపి నేను సాధించింది ఏందని కూసుంటడు. అక్కడి నుంచి కథ కత్తి గురించి కాకుండ పోతది.

ఇప్పుడు నవలల అదే కొట్లాట చూడుండ్రి. అక్కడ యోషియోకా వాళ్ళు పేరుకు పెద్దగ ఒక చిన్న పిల్లగాన్ని నిలబెడ్తరు, గెంజిరో అని, వంశం పేరు వాడి మీద పెట్టి. ముసాషి వెనుక గుట్ట మీదికెళ్ళి దిగి ముందు ఆ పిల్లగాన్నే చంపుతడు. పేరు మోసేటోడు పోతే యుద్ధం పోయినట్టే అని లెక్క. చదువుతుంటే పుస్తకం మూసిన. రచయిత కూడా దాన్ని ఊకెనే వదలలే, తర్వాత హియేయి కొండ మీద గుడి వాళ్ళు ఇదే మాట మీద ముసాషిని నిలదీస్తరు, పొమ్మంటరు. ఇనోవే ఏం జేసిండంటే ఆ పిల్లగాన్నే కథలకెళ్ళి తీసేసిండు. మా రూమ్‌మేట్ అంటడు, అది తప్పించుకునుడు, హీరో మంచోడు కావాలె కాబట్టి తీసేసిండు అని. నేను ఒప్పుకోను. నవలల ఒక్క పిల్లగాని చావు తప్ప మిగతా చావులు లెక్కల రావు, మాంగాల 70 మందికీ మొఖాలున్నయ్, పేర్లున్నయ్, పోయే ముందు ఒక్కొక్కనికి ఏదో గుర్తొస్తది, కాబట్టి అక్కడ పిల్లగాడు అక్కరలేదు, ఆ బరువు అందరి మీద పంచిండు. ఈ ముచ్చట మీద మేమిద్దరం భద్రకాళి చెరువు కట్ట మీద రెండు గంటలు కొట్లాడినం, చాయ్ రెండుసార్లు, మిర్చి ఒక ప్లేట్, ఎవరూ గెలవలే.

ఇగ మతహాచి గురించి చెప్పాలె. వీడు ముసాషి ఊరోడు, ఒకటే ఈడు, యుద్ధంలకెళ్ళి బయటవడ్డంక ఒక ఆమె ఇంట్ల సెటిలై తాగుడు మొదలువెడ్తడు. తర్వాత ఒక చచ్చినోని మూటల కత్తి విద్య సర్టిఫికెట్ దొరుకుతది, దాని మీద ససాకి కోజిరో అని రాసి ఉంటది, ఇగ వీడు నేనే కోజిరోను అని తిరుగుడు వెడ్తడు. నాలుగు వందల ఏండ్ల కిందనే ఫేక్ సర్టిఫికెట్! రూమ్‌ల అందరం పడి పడి నవ్వినం, తర్వాత కొంచెం సేపటికి నవ్వు ఆగింది, ఎందుకంటే ఇంటికి ఫోన్ చేసి "ప్రిపరేషన్ మంచిగ నడుస్తుంది" అని చెప్పేటోళ్ళం అందరం కొంత మతహాచిలమే. నవలల వీని మీద జాలి తక్కువ. మాంగాల వీడు ముసలోడై బజార్ల కూసోని జనానికి ముసాషి, కోజిరోల కథ చెప్తుంటడు, మన దిక్కు ఒగ్గు కథ చెప్పేటాయన లెక్క, జనం చుట్టూ కూసుంటరు. జీవితమంత అబద్ధాలాడినోన్ని కథ చెప్పేటోన్ని చేసిండు ఇనోవే, మాంగా మొత్తంల నాకు నచ్చిన తెలివి అదే.

వాళ్ళమ్మ ఓసుగి ఉన్నది. కొడుకు చెడిపోయిండు అంటే కారణం తకేజోనే, కోడలు కావాల్సిన ఓట్సూ కూడా వాని కోసమే పోయింది, ఇద్దరినీ చంపితెనే నా ఇంటి పరువు నిలవడ్తది అని ముసల్ది దేశమంత కాలినడకన వెంటవడ్తది. టీవీ సీరియల్ అత్తలు ఈమె ముందట దిగదుడుపే. నవలల ఆమె ఆఖర్న మనసు మార్చుకుంటది, ఎందుకో అంత తొందరగ మారుడు నాకు ఎక్కలే. మాంగాల జబ్బువడి కొడుకు వీపు మీద పోతది. దొంగ కొడుకు, మొండి తల్లి, వాన్ని ఆమె తిట్టుకుంటనే పోతది, ఆ చాప్టర్ చదివి ఇంటికి ఫోన్ చేసిన, అమ్మ "ఏమైంది బిడ్డా, పైసలు అయిపోయినయా" అన్నది.

ఓట్సూ పాత్ర మాత్రం రెండిట్లా నాకు సంతృప్తి లేదు. ఏండ్లకేండ్లు వాని వెనుక తిరుగుడు, ఎదురుచూసుడు, జ్వరం తెచ్చుకునుడు. హనాద వంతెన కాడ కలుద్దామని చెప్పి ఆమె లోపలికి పోయి బట్టలు మార్చుకొని వచ్చేసరికి వాడు వంతెన కట్టె మీద క్షమించు అని కత్తితోని చెక్కి పోతడు, నవలల అది చదివితే మా చెల్లె "గిట్లాంటోని కోసం తొమ్మిది వందల పేజీలా" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

కోజిరో దగ్గర రెండూ పూర్తిగ వేరు. నవలల కోజిరో అంటే పట్టు బట్టలు, భుజం మీద కోతి, వీపుకు ఇంత పొడుగు కత్తి, దాని పేరే బట్టలారేసే కట్టె అని అర్థమొచ్చేటట్టు ఉంటది, పొగరు, మాటలు. విలన్ అన్నట్టే. ఇనోవే ఈ మనిషిని తీసుకోని చెవిటోన్ని చేసిండు. సముద్రంల కొట్టుకొచ్చిన పడవల పసిపిల్లగాడు, పక్కన పొడుగు కత్తి, పాత గురువు ఒకాయన సాకుతడు, మాట లేదు, చప్పుడు లేదు, కత్తి ఒక్కటే వాని భాష. ముసాషి కథ పక్కన పెట్టి వరుసగ ఏడు పుస్తకాలు వీని కథే నడుస్తది, విడిపుస్తకాల లెక్కల 14 నుంచి 20 దాంక. మొదట్ల నాకు కోపమొచ్చింది, హీరో ఏడి అని. తర్వాత తెల్వకుండనే వాని దిక్కు అయిపోయిన. ఇద్దరూ మంచుల ఎవరెవరో తెల్వకుండ కట్టెపుల్లలతోని ఆడుకునే సీన్ ఉంటది, ఒకరి దిక్కు ఒకరు చూసి చిన్న పిల్లల లెక్క నవ్వుతరు. వీళ్ళిద్దరిల ఒకడు ఇంకోన్ని చంపుతడని చదివేటోనికి ముందే తెలుసు. అందుకే నవల ముందు చదువొద్దంటున్న, ముందే విలన్ కోజిరో మనసుల పడితే ఈ కోజిరోను చూడలేరు.

ఇగ 37 అయిపోయింది, 38 ఏడి అని చూస్తే లేదు. 2015ల ఆగిపోయింది. 37 తర్వాత కొన్ని చాప్టర్లు మ్యాగజీన్ల వచ్చినయ్, పుస్తకం కాలే. దానికి ముందు కూడా 2010ల ఆరోగ్యం బాగలేక ఆపి 2012ల మళ్ళ మొదలువెట్టిండు, ఈసారి మాత్రం అడ్రస్ లేదు. అందరూ ఎదురుచూసే ద్వంద్వయుద్ధానికి కొద్ది దూరంల కథ ఆగింది. విచిత్రం ఏందంటే 2008లనే టోక్యో ఉయెనోల ఎగ్జిబిషన్ పెట్టి ముసలి ముసాషి ఆఖరి రోజులు గోడల మీద గీసి చూపెట్టిండు ఈయన. అంటే సావు గీసిండు, నడుమ దారి గీయలే.

అప్పుడు నవల కొన్న. యోషికావా 1935ల అసాహి షింబున్ పేపర్ల దీన్ని రోజూ సీరియల్‌గ మొదలువెట్టి 1939 దాంక రాసిండు, వెయ్యికి పైగ భాగాలు. ఇంటి పరిస్థితి బాగలేక పదకొండేండ్లకే బడి మానేసిన మనిషి, రేవుల కూలిపని చేసినోడు. రోజూ పేపర్‌ల రావాల్సింది కాబట్టి ప్రతి చిన్న ముక్క చివర్ల ఒక కొక్కెం ఉంటది, తలుపు కొట్టుడో, ఎవరో వెనుక నిలవడుడో. అనుకోకుండ కలుసుకునుడు మాత్రం మరీ ఎక్కువ, దేశంల దారులన్నీ ఒక్క చౌరస్తాకే వచ్చినట్టు ఎవరు ఎక్కడికి పోయినా అక్కడ మిగతావాళ్ళు ఉంటరు. రోజుకు ఇంత చదివేటోళ్ళకు అది మంచిగుండొచ్చు, కట్టగట్టి చదివితే నవ్వొస్తది. చార్లెస్ టెర్రీ చేసిన ఇంగ్లీష్ అనువాదం 1981ల వచ్చింది, జపనీస్‌ల ఉన్నదంతా లేదు, కొంత కుదించిండ్రు, అయినా గంత లావు. ఇంగ్లీష్ తేలికనే, ఇంటర్ చదివినోళ్ళు ఎవరన్న చదవొచ్చు, పేర్లు మాత్రం మొదటి వంద పేజీలు సతాయిస్తయ్, ఒక కాయితం మీద రాసుకోని బుక్‌మార్క్ చేసుకోండి, నేను గట్లనే చేసిన.

నేను పోరగాన్నప్పుడు మా ఇంట్ల ఒక ట్రంకు పెట్టెల అమ్మ దాసుకున్న కట్ట ఒకటి ఉండేది. పెండ్లి గాకముందు వీక్లీల వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చింపి, సూదీ దారంతోని కుట్టి, మీద బ్రౌన్ పేపర్ అట్ట ఏసింది. ఆ తరం ఆడోళ్ళు చాలామంది గట్ల కుట్టుకున్నోళ్ళే. కానీ కథ నడుస్తుండంగనే ఆమె పెండ్లయింది, మెట్టినింటికి వీక్లీ రాలే. కట్టల ఆఖరి పేజీ కింద "ఇంకా ఉంది" అని ఉంటది, ఇప్పటికీ. వాగబాండ్ 37 పక్కన పెట్టిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ కట్టనే.

నవల ఏడు భాగాలు, భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం, సూర్యచంద్రులు, ఆఖరిది పూర్ణమైన వెలుగు. మొదటి ఐదు పేర్లు నిజం ముసాషి రాసిన ఐదు వలయాల గ్రంథంలయే, కుమమోటో దగ్గర ఒక గుహల కూసోని రాసిండు అది. మాంగా ఆగిన కాడి నుంచి చదువుదామంటే ఆకాశం భాగం నుంచి పట్టుకోవచ్చు, కొందరు గట్ల చేస్తరట, వద్దు, మొదటి నుంచి చదవండి, సగం మనుషులు ఇక్కడ వేరే మనుషులు.

ఆఖరి ద్వంద్వం 1612ల ఫునాజిమా అనే చిన్న దీవి మీద. ముసాషి కావాల్నని ఆలస్యంగ వస్తడు, పడవల వస్తూ తెడ్డును చెక్కి కట్టె కత్తి చేస్కుంటడు. కోజిరో కోపంతోని కత్తి ఒర తీసి పారేస్తే, ఒర పారేసినవంటే ఓడిపోయినట్టే అని ముసాషి అంటడు. రెండు మూడు పేజీలల్ల అయిపోతది. 970 పేజీలు మోసి ఇక్కడికి వస్తే ఒక్క దెబ్బ. నాకైతే అదే సరైంది అనిపించింది, మా రూమ్‌మేట్‌కు మాత్రం పైసలు వేస్ట్ అనిపించిందట (సగమే చదివి ఆఖరు పేజీలకు దుంకిండు, వాని మాట లెక్కల పెట్టొద్దు). ఆ దీవిని ఇప్పుడు గన్ర్యుజిమా అంటరు, గన్ర్యు అంటే కోజిరో పేరు మీదున్న పద్ధతి. గెలిచినోని పేరు కాదు, ఓడిపోయినోని పేరు దీవికి నిలిచింది, నవల చదివినంత సేపు కోజిరోను విలన్ అనుకున్న నేను ఇది తెలిసినంక మళ్ళ మాంగా 14 తీసిన.

ఒక్క ముచ్చట మిగిలింది, ఎవసం. ఇంత కత్తి కథల నాకు అన్నిటికంటె మస్తనిపించింది అదే. నవలల ముసాషి హోతెన్‌గహారా అనే బీడుల ఇయోరి అనే అనాథ పోరనితోని కలిసి గుడిసె ఏసి భూమి సదును చేస్తడు, ఊరోళ్ళు నవ్వుతరు, వాన కొట్టి వరద చేసిందంత కొట్టుకపోతది, అప్పుడు సమజైతది నీళ్ళను మనం చెప్పిన దిక్కుకు పొమ్మంటే పోవు, అవి పొయ్యే దిక్కు మనం చూసుకోవాలె అని. నవలల ఇది కొన్ని చాప్టర్లే, తొందరగ దొంగలొస్తరు, కొట్లాట మొదలు. ఇనోవే ఇక్కడనే ఆగిండు, పుస్తకాలకు పుస్తకాలు పొలమే. రాయి లెక్క నేల, మిడతలు, ఆకలి, ఊర్ల మనుషులు ఒక్కొక్కరు పోవుడు, 70 మందిని నరికినోడు ఊరోళ్ళ తిండి కోసం అధికారుల ముందట తల నేలకు ఆనిచ్చుడు. కత్తి కొట్లాట కోసం వచ్చిన చదువరులు చాలామంది ఇక్కడ బోరని మానేసిండ్రు. మాది నర్సంపేట దగ్గర ఊరు, పాకాల నీళ్ళ మీద బతికినోళ్ళం, మాకు గట్ల బోరు కొట్టది. పైనున్న చెరువు నిండి అలుగు పారితే కింద చెరువుకు నీళ్ళు, గిట్ల గొలుసు లెక్క చెరువులు తవ్విచ్చిండ్రు మన కాకతీయులు, నీళ్ళు పొయ్యే దారి చూసి కట్టిండ్రు కాబట్టే ఎనిమిది వందల ఏండ్లైనా పాకాల, రామప్ప, లక్నవరం నిలవడ్డయ్. ముసాషి వరదల నిలవడి నేర్చుకున్నది మా ఊర్ల పొలాలకు చెరువు నీళ్ళు వదిలే నీరటికాయనకు పుట్టుకతోనే తెలుసు.

దసరాకు ఇంటికి పోతూ ఆ ఎవసం పుస్తకాలు రెండు సంచిల ఏస్కోని పోయిన, ఒకటి 37. అమ్మ కంకులు ఒలుస్తూ, "ఏందిది, ఉల్టా చదువుతున్నవ్" అన్నది. చూపిచ్చిన. ఆమెకు ఇంగ్లీష్ రాదు, బొమ్మలు చూస్కుంట పోయింది, కత్తుల పేజీలు వస్తే చకచక తిప్పింది, ముసాషి మట్టిల వంగి పని చేసే పేజీ కాడ ఆగింది. "నడుము సక్కగ గీసిండు. వీడు పొలంల దిగినోడే" అన్నది. ఇనోవే దిగిండో లేదో నాకు తెల్వది కానీ ఇంతకంటె పెద్ద సర్టిఫికెట్ ఏ అవార్డోళ్ళు ఇయ్యలే. పుస్తకం తిరిగి ఇయ్యలే, ఇంట్లనే ఉంచుమన్నది.

మార్కులు అడిగేటోళ్ళకు, బొమ్మలకు ఐదుకు ఐదు, నవలకు మూడున్నర, 970 పేజీలు గుట్టు చప్పుడు లేకుండ చదివిచ్చినందుకు ఇంకో పావు. రెండూ కొనే పైసలు లేకపోతే విజ్‌బిగ్ ఒకటో నంబర్ ఒక్కటి కొని చూడండి, చెట్టుకు కట్టేసిన సీన్ దాంక చదివి నచ్చకపోతే అమ్ముకోవచ్చు, పాత పుస్తకానికి కూడా మంచి రేటే వస్తుంది.

పోయిన వారం అమ్మ ఫోన్ చేసి, అన్నం తిన్నవా, పరీక్ష డేట్ వచ్చిందా, అన్నీ అడిగి, ఆఖర్న "ఆ పొలం పుస్తకం తర్వాతది ఎప్పుడొస్తది" అన్నది. 2015 సంది ఆగిందమ్మా, వస్తదో రాదో అన్న.

"గంతేనా," అన్నది, "నాది ముప్పై ఐదేండ్ల సంది ఆగింది."